నాలుగో రేకు, ఎనిమిదో రేకు

కామారెడ్డి,
జూన్ 18.

కృపక్కా,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఇక్కడ అందరం బాగున్నాం. నీ పాత నంబరు నాలుగేళ్లుగా పనిచేయడం లేదు. ఈ మధ్య మా కాలేజీలో చేరిన ఒక అమ్మాయి, "మా ఎల్లారెడ్డి గురుకులంల ఫిజిక్స్ మేడం చాక్‌పీసు ఇసిరి మొమెంటం చెప్తది" అంది. పేరు అడగాల్సిన పని కూడా లేకపోయింది. బడి పేరే అడ్రసుగా రాసి పోస్టు చేస్తున్నాను.

నేనిక్కడ డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని. పొద్దున నాలుగు క్లాసులు, సాయంత్రం థీసిస్. అవును, ఆ థీసిస్సే. నవ్వింది చాలు. నాలుగు అధ్యాయాలు అయిపోయాయి. ఐదోది మనిద్దరం ఢిల్లీ యాక్సిలరేటర్‌లో చేసిన ప్రయోగం. దాని మొదలు ఎవరికైనా అర్థం కావాలని ఇలా రాసుకున్నాను, ఎక్కడైనా తప్పుంటే చెప్పు:

"కార్బన్ కేంద్రకాన్ని మంచి వేగంతో టెర్బియం కేంద్రకం మీదికి పంపితే రెండు రకాలుగా జరగవచ్చు. కార్బన్ మొత్తంగా టెర్బియంలో కలిసిపోతే అది పూర్తి సంలీనం. దగ్గరికి రాగానే కార్బన్ విరిగి, ఒక ముక్క మాత్రమే కలిసి, మిగిలిన ముక్క వచ్చిన వేగంతోనే ముందుకు సాగిపోతే అది అసంపూర్ణ సంలీనం. మొత్తం కలిసినప్పుడు ఊపు అంతా అందుతుంది కనుక, కొత్తగా పుట్టిన కేంద్రకం వెనకాల వరసగా పేర్చిన అల్యూమినియం రేకుల్లో లోపలి దాకా వెళ్లి ఆగుతుంది. కొంతే కలిస్తే ముందు రేకుల్లోనే ఆగిపోతుంది. ఏ రేకులో ఎంత ఆగిందో కొలిస్తే, ఏది ఎంత జరిగిందో తెలుస్తుంది."

ఇప్పుడు అసలు సంగతి. మనం కార్బన్‌ను మూడు శక్తులతో పంపి కొలిచాం కదా, అందులో డెబ్బై నాలుగు MeV దగ్గరి గ్రాఫ్ గీస్తే నాలుగో రేకు మీద పెద్ద గుట్ట లేచింది. అసంపూర్ణ సంలీనం అంత ఎక్కువగా ఉంటుందని ఎవరూ అనుకోలేదు. మన గైడు సారు ఆ గ్రాఫ్ చూసి, "ఈ గుట్ట నిజమైతే నీ థీసిస్‌కు ఇదొక్కటి చాలు" అన్నారు. పేపరు రాస్తున్నాం. రేకులు చేసింది నువ్వు, పేర్చింది నువ్వు, కాబట్టి మొదటి పేరు నీదే ఉండాలని సారుతో పోట్లాడి ఒప్పించాను.

ఆ రోజుల లాగ్‌బుక్ నీ దగ్గరే ఉండిపోయింది. ఆ పేజీలు కావాలి. నంబరు కూడా పంపు. యాభై కిలోమీటర్లు కూడా లేదు, ఆదివారం బస్సెక్కి రానా?

నీ
సింధూజ


ఎల్లారెడ్డి,
జూలై 1.

సింధూ,

మా ప్రిన్సిపల్ మేడం నీ కవరును రెండు వైపులా తిప్పి చూసి, ఈ రోజుల్లో ఉత్తరాలు రాసేదెవరని అడిగింది. మా చెల్లె అన్నాను. అక్షరాలు మాత్రం ఇంకా కోడి గెలికినట్టే ఉన్నాయి.

నంబరు పంపను. నీ గొంతు వింటే తొమ్మిదో తరగతి పిల్లల్ని బోర్డు ముందే వదిలేసి ఢిల్లీ బండెక్కుతాను. నా మీద నాకు ఆ నమ్మకం లేదు. ఆదివారం కూడా రాకు. పొద్దున చర్చి, ఆ తర్వాత లింగంపేటలో మా అవ్వ దగ్గరికి వెళ్లాలి. ఇవన్నీ సాకులని నీకు తెలుసు, తెలియనట్టు ఉండు. ఉత్తరాలు రాయి. అవి నాకు కావాలి.

ఇక్కడ బాగానే ఉన్నాను. నెలనెలా జీతం వస్తుంది, పిల్లలు మంచివాళ్లు. అయినా దాచడం ఎందుకు, పొద్దున హాస్టల్ బోరు మోటారు వేయగానే ఇప్పటికీ వాక్యూమ్ పంపు మొదలైందనుకుని లేస్తాను. లేచాక బక్కెట్ల చప్పుడు వినిపిస్తుంది. ఆ ఒక్క నిమిషం కోసమే నేను అలారం పెట్టుకోను.

పోయిన వారం అవ్వకు నీ మొదటి పేరా చదివి వినిపించాను. బీడీలు చుడుతూనే అంతా వింది. విని, "మరి గా ఇరిగిన తునక యాడికి వోయింది?" అని అడిగింది. దాన్ని మనం పట్టుకోలేదవ్వా, ముందుకు పోయింది అన్నాను. "పట్టుకోకుంటే అది ఉన్నదని ఎట్ల తెల్సు?" అంది. వైవాలో ఇదే ప్రశ్న పడుతుంది, జవాబు సిద్ధం చేసుకో. నన్ను ఆ తునకతో పోల్చి ఏమైనా రాశావంటే మాత్రం ఉత్తరం చింపేస్తాను.

లాగ్‌బుక్ నా సర్టిఫికెట్ల కిందే ఉంది. జిరాక్సులు ఇందులోనే పెడుతున్నాను. పేరు సంగతి అంటావా, వద్దు అనేంత మంచిదాన్ని కాదు నేను. అచ్చులో నా పేరు ఒక్కసారి చూసుకోవాలని ఉంది. అవ్వకు చూపించాలని ఉంది. ఐదేళ్లు ఏం చేశావే అని అడిగిన ప్రతి ఒక్కరికీ ఆ కాగితం చూపించాలని ఉంది.

కానీ సింధూ, ఆ డెబ్బై నాలుగు మీద మరీ అంత బరువు పెట్టకు. మిగిలిన రెండు శక్తులు చాలవా?

నీ
కృపక్క


కామారెడ్డి,
జూలై 13.

కృపక్కా,

నీ ఉత్తరం బస్టాండులో నిలబడే మూడుసార్లు చదివాను. ఆటోవాడు విసిగిపోయి వేరేవాళ్లను ఎక్కించుకుని వెళ్లాడు. మీ అవ్వను నా వైవాకు ఎగ్జామినర్‌గా పిలవకుండా ఉంటే చాలు.

మిగిలిన రెండు చాలవక్కా. అవి అందరికీ వచ్చేవే. వాటిని చూసి ఎవరూ తలెత్తరు. డెబ్బై నాలుగు లేకపోతే ఇది పేపరే కాదు, నా ఐదో అధ్యాయం కూడా సగం ఖాళీ. గడువు డిసెంబరు దాకే ఉంది. ఇప్పటికి రెండుసార్లు పొడిగించారు, మూడోసారి అడగడానికి నాకు ముఖం లేదు. కాలేజీలో కూడా డాక్టరేటు ఉన్నవాళ్లు వస్తే నన్ను పంపించేస్తారు.

నీ పేజీలు చూశాను. నీ అక్షరాలు చూడగానే ఏడుపొచ్చింది, అది వేరే సంగతి. ఒక చోట ఆగిపోయాను. డెబ్బై నాలుగు రోజు మధ్యాహ్నం మూడు పదికి ఛాంబర్ తెరిచాం అని రాశావు. మొదటి రేకు డిటెక్టర్ ముందుకు వచ్చింది మూడు నలభైకి. మిగతా రెండు రోజులూ పది నిమిషాలు దాటలేదు. రేకుల్లో పుట్టినవి నిమిష నిమిషానికీ తరిగిపోతుంటాయని నన్ను తరిమేదానివి నువ్వే కదా. ఆ అరగంట ఏమైంది?

ఇంకొకటి. గుట్ట నాలుగో రేకు మీద ఉంది, సరే. కానీ ఎనిమిదో రేకు దగ్గర, ఎక్కువ ఉండాల్సిన చోట, గుంటలా పడింది. సారు అది కూడా కొత్త సంగతే అంటున్నారు. నాకు ఎందుకో ఆ గుంట నచ్చడం లేదు.

బరువు పెట్టకు అన్నావు. ఎందుకన్నావు? నీకేమైనా తెలిస్తే చెప్పు. పేపరు ఆగస్టు పదిహేనులోపు పంపాలి.

నీ
సింధూజ


ఎల్లారెడ్డి,
జూలై 25.

సింధూ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది చించను.

ఆ డెబ్బై నాలుగు కొలతకు ముందు రోజు మా తమ్ముడు ఫోన్ చేశాడు. గురుకులం లిస్టులో నా పేరు వచ్చింది. "సోమవారం లోపల చేరకుంటే పోస్టు పోతదట అక్కా" అన్నాడు. అప్పటికి బాపు పోయి ఏడాది. నా ఫెలోషిప్ ఆగి ఎనిమిది నెలలు. అవ్వ కళ్లు మసకబారుతున్నాయి, అయినా రోజుకు వెయ్యి బీడీలు చుడుతోంది. వెళ్లాలా వద్దా అని ఆలోచించే స్థితి కాదు. నీకు మాత్రం చెప్పలేదు. యాక్సిలరేటర్‌లో అదే నా చివరి బీమ్ అని నాకొక్కదానికే తెలుసు.

ఛాంబర్ తెరిచాక నువ్వు డిటెక్టర్ సిద్ధం చేయడానికి పక్క గదిలోకి వెళ్లావు. నేను పేర్చిన రేకుల దొంతర చేతిలో పట్టుకుని తలుపు దాటుతున్నాను. మోచేయి తలుపుకు తగిలింది. రేకులు బిగించిన నాలుగు చట్రాలు జారి బల్ల మీద పడ్డాయి. ఒక్క రేకూ చిరగలేదు. అదే నా ఖర్మ, చిరిగి ఉంటే చెప్పేదాన్ని. రెండింటి మీద నంబరు కనపడింది. మిగతా రెండింటి మీద పెన్సిలు గీత గ్లవుజు రాపిడికి చెరిగిపోయింది. ఖాళీగా ఉన్న చోట్లు నాలుగు, ఎనిమిది.

అప్పుడే నీ దగ్గరికి వచ్చి, పడిపోయాయని చెప్పాల్సింది. చెప్తే ఆ రోజు కొలత మొత్తం పారేస్తారు. మళ్లీ బీమ్ కావాలంటే ఏడాది ఆగాలి, ఏడాదికి నేనుండను. మా అవ్వ ఆకు వేళ్ల మధ్య పట్టుకుని అది ఏ కట్టలోదో చెప్పేస్తుంది. ఆ వేళ్లే నాకూ వచ్చాయని నీ దగ్గర ఎన్నిసార్లు గొప్పలు పోయానో నీకు గుర్తుండే ఉంటుంది. రెండు చట్రాలూ వెలుతురుకు పట్టి చూశాను, ఊపి చూశాను. నాలుగోది కాస్త పలచనిదని గుర్తు, అందుకే కొంచెం పలచగా అనిపించినదాన్ని నాలుగో చోట పెట్టాను. ఆ అరగంట అదే.

సరిగ్గా పెట్టానో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నిజం చెప్తున్నాను. నాలుగేళ్లుగా ఆ రెండు చట్రాలు రోజూ మనసులో అటూ ఇటూ మారుస్తూనే ఉన్నాను. నంబరు మార్చింది అందుకే, నువ్వు ఫోన్ చేసి గ్రాఫ్ బాగుంది అంటావేమోనని.

తేల్చడానికి ఒక దారి ఉంది. రేకుల్లో ఆగిన కేంద్రకాల్లో మనం అంతా థూలియం మీదే లెక్క కట్టాం, అది రెండు రకాలుగానూ పుడుతుంది. లుటీషియం చూడు. కార్బన్ మొత్తం కలిస్తే తప్ప లుటీషియం పుట్టదు, కాబట్టి అది లోపలి రేకుల్లోనే ఉండాలి. యాభై నిమిషాలకు సగమైపోతుంది, అందుకే మనం పట్టించుకోలేదు. అయినా మొదటి విడత లెక్కింపులో దాని గామా గీత సన్నగానైనా ఉంటుంది. నాలుగో రేకు అని నేను ఇచ్చినదాంట్లో ఆ గీత పెద్దగా కనిపిస్తే, అది నాలుగోది కాదు. ఎనిమిదోది.

చూసి రాయి. ఏదైనా రాయి.

కృప


కామారెడ్డి,
ఆగస్టు 8.

కృపారాణి గారికి,

లుటీషియం చూశాను. నాలుగో రేకు అని మీరు ఇచ్చినదాంట్లో ఉంది. ఎనిమిదో దాంట్లో లేదు. రెండూ తారుమారయ్యాయి.

మార్చి గీస్తే గుట్ట పోయింది, గుంట కూడా పోయింది. మిగిలింది మిగతా రెండు శక్తుల దగ్గర ఉన్నట్టే చిన్న మెట్టు. మార్చిన గ్రాఫైనా వాడుకుందామంటే సారు ఒప్పుకోలేదు. ఊహతో పేర్చిన రేకుల కొలత థీసిస్‌లోకి రాదన్నారు. ఆయన అన్నది న్యాయమే. పేపరు ఆపేశాం. ఐదో అధ్యాయం కూడా ఆగింది. గడువు కోసం మూడోసారి అర్జీ పెట్టుకున్నాను. ఆ అర్జీలో కారణం అనే గడిలో ఏం రాయాలో తెలియక గంటసేపు కూర్చున్నాను.

నాలుగేళ్లు ఆ గుట్టను నేను ఎన్ని రకాలుగా లెక్క కట్టానో మీకు తెలియదు. పోనీ అప్పుడు చెప్పలేకపోయారు. నా మొదటి ఉత్తరానికి జవాబులో చెప్పొచ్చు కదా. బరువు పెట్టకు అని మెల్లగా అని ఊరుకున్నారు. నేను అడగకపోయి ఉంటే పేపరు అచ్చయ్యేది, మీరు దాన్ని మీ అవ్వకు చూపించేవారు.

నాకు ఇప్పుడు ఉత్తరాలు చదివే ఓపిక లేదు.

సింధూజ


ఎల్లారెడ్డి,
సెప్టెంబరు 12.

సింధూ,

ఓపిక లేదన్నావు, అయినా రాస్తున్నాను. పోయిన నెలాఖరు వానలకు ఇక్కడి దారులు తెగిపోయి పది రోజులు బస్సులు లేవు. పోస్టు ఇవాళే మొదలైందని తెలిసి మొదటగా వేస్తున్నది ఇదే. కామారెడ్డిలో నీళ్లు ఇండ్లలోకి వచ్చాయని టీవీలో చూపించారు. నువ్వు ఉండే గది కింది అంతస్తో పై అంతస్తో నాకు తెలియదు. నీ గురించి అంత చిన్న సంగతి కూడా తెలియకుండా చేసుకున్నది నేనే.

నువ్వు రాసినదంతా నిజం. అడగకపోయి ఉంటే అచ్చయ్యేదాకా చెప్పేదాన్ని కాదేమో. చెప్పేదాన్నని ఇప్పుడు రాస్తే నువ్వు నమ్మవు, నేనూ నమ్మను. నా పేరు ఎక్కడ ఉన్నా కొట్టేయి. అర్జీలో కారణం అనే గడిలో కృపారాణి తప్పు అని రాయి, సంతకం కావాలంటే పంపిస్తాను.

అవ్వకు కూడా చెప్పాను. నీ వేళ్లు నాకు రాలేదే అన్నాను. "వేళ్లకేమైంది, నోరు తెరవకపోతివి" అని మళ్లీ ఆకు కత్తిరించుకుంటూ కూర్చుంది.

ఈ బాధ నీ ముందు పెట్టే హక్కు నాకు లేదు, కానీ ఇంకెవరి ముందు పెట్టను? వెళ్లిపోయినందుకు కాదు నాకు బాధ. పని దొరికింది, ఇల్లు నిలబడింది. ఆ గదిలోకి మళ్లీ ఒక్కసారి వెళ్లాలని ఉంది. రేకు తీసి డిటెక్టర్ ముందు పెట్టి, తెర మీద మొదటి గీత లేచేదాకా నువ్వూ నేనూ ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం కదా, అది కావాలి నాకు. నువ్వు కావాలి. తప్పు చేసినదానికి ఇంత ఆశ ఉండకూడదని తెలుసు, అయినా ఉంది.

జవాబు రాయకపోయినా గది పై అంతస్తులో ఉందని ఒక కార్డు ముక్క వేయి.

కృప


కామారెడ్డి,
అక్టోబరు 22.

అక్కా,

పై అంతస్తే. పుస్తకాలు తడవలేదు. ఈ ఒక్క మాట రాయడానికి నెల దాటింది, ఎందుకంటే దీని వెనక ఇంకో మాట ఉంది.

ఆ రోజు చప్పుడు నాకు వినపడింది. చట్రాలు బల్ల మీద పడిన చప్పుడు. లోహం చప్పుడు కదా, పొరపాటు పడే వీలు లేదు. లేచి తలుపు దాకా వచ్చాను. నువ్వు నాకు వీపు పెట్టి, ఒక చట్రాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూస్తున్నావు. నేను వెనక్కి వెళ్లి కూర్చున్నాను. నువ్వు మొదటి రేకు తెచ్చాక, "తెచ్చినవా అక్కా" అన్నాను తప్ప ఏమైందని అడగలేదు. అడిగితే నువ్వు చెప్పేదానివి. చెప్తే నా బీమ్ కూడా పోయేది. పడినవాటిని సరిగ్గానే పెట్టుకుంది, కృపక్క వేళ్లు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ తర్వాత చప్పుడు సంగతే మరచిపోయినట్టు నాలుగేళ్లు బతికాను. అరగంట ఏమైందని నీకు రాసినప్పుడు అది నిన్ను అడుగుతున్నానా, నన్ను నేను అడుగుతున్నానా అన్నది నాకే తెలియదు. నీ ఉత్తరం చదివి అంత కోపం వచ్చింది కూడా అందుకే. నువ్వు ఒప్పుకున్నావు, నేను ఒప్పుకోలేదు.

ఇదంతా సారుకు కూడా చెప్పాను. అంతా విన్నారు. తర్వాత కొత్తగా బీమ్ కోసం దరఖాస్తు రాయమన్నారు. ఎవరో వదులుకున్న మూడు రోజులు డిసెంబరులో ఇచ్చారు, డెబ్బై నాలుగు ఒక్కదానికే. గడువు కూడా ఏప్రిల్ దాకా ఇచ్చారు, ఇదే ఆఖరన్నారు.

వెళ్లేవాళ్ల జాబితాలో నీ పేరు రాశాను. నిన్ను అడగలేదు. సారు చూశారు, కొట్టేయలేదు. యూనివర్సిటీ ఆఫీసు కొట్టేసింది. నీ రిజిస్ట్రేషన్ రద్దయి రెండేళ్లయిందట, బయటివాళ్లను లోపలికి పంపరట. మూడుసార్లు తిరిగాను. చివరికి క్లర్కుతో పోట్లాడి ఏడ్చి వచ్చాను. నీకు బదులు సంజన అని కొత్తగా చేరిన స్కాలర్ వస్తోంది. తెలివైన పిల్ల. కానీ రేకు పట్టుకుంటే చేయి వణుకుతుంది.

అక్కా, ఈసారి దొంతర నేనే మోయాలి. నాకు భయంగా ఉంది.

నీ
సింధూజ


ఎల్లారెడ్డి,
నవంబరు 6.

సింధూ,

నీ ఉత్తరం బడిలో చదవలేదు. లింగంపేట వెళ్లే బస్సులో, కిటికీ పక్కన కూర్చుని చదివాను. చప్పుడు విన్నానన్న చోట ఆపి, మళ్లీ మొదటి నుంచి చదివాను. దిగాల్సిన చోటు దాటిపోయి వెనక్కి నడిచాను. నాలుగేళ్లు దాన్ని ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. నువ్వు తలుపు దగ్గరే ఉన్నావు. నీ మీద కోపం రావాలి. రావడం లేదు. అప్పుడే ఒకరి ముఖం ఒకరం చూసుకుని ఉంటే ఎంత బాగుండేదని మాత్రం అనిపిస్తోంది.

నా పేరు కొట్టేశారన్నావు. ఆఫీసు చేసింది సబబే. కానీ నువ్వు రాశావు కదా, కొట్టేసిన గీత కింద నా పేరు ఉంది కదా. మూడు రోజులుగా దాని గురించే ఆలోచిస్తున్నాను. పేపరులో మాత్రం వద్దు. ఈసారి పనిచేసినవాళ్ల పేర్లే ఉండాలి.

ఇక పని సంగతి. పెన్సిలు వద్దు. చట్రం అంచు మీద సూదితో చుక్కలు గుచ్చు, నాలుగోదానికి నాలుగు, ఎనిమిదోదానికి ఎనిమిది. అవి ఏ రాపిడికీ చెరగవు. దొంతర మోసేటప్పుడు తలుపు తెరిచి పట్టుకోవడానికి ఒకరిని ముందే నిలబెట్టు, అది సంజన పని. ఆ పిల్ల చేయి వణుకుతోందని ఆమె ముందు అనకు. మొదటి నెల నీ చేయి ఎలా వణికేదో నాకు గుర్తుంది. అన్నిటికంటే ముందు లుటీషియం గీత చూడు.

బీమ్ ఏ రోజు ఏ గంటకు వస్తుందో రాయి. ఆ గంటకు నేను ఏ తరగతిలో ఏం చెప్తున్నా, నాకు అక్కడ ఉండాలనే ఉంటుంది. ఉండలేను. అది నాతోనే ఉండిపోనీ, దానికి మందు వెతకడం మానేశాను.

ఒక్కటి మాత్రం వినాలి. ఒక్క చట్రం జారినా అక్కడే ఆగు. ఏరకు, వెలుతురుకు పట్టి చూడకు. పడిపోయిందని గట్టిగా చెప్పు, పక్క గదిలోవాళ్లు వినపడలేదనే వీలు లేకుండా చెప్పు. కొలత పారేస్తే పారేయనీ. ఏప్రిల్ గడువు దాటితే దాటనీ. ఖాళీ చేతులతో తిరిగి వచ్చినా సరే, ఏ బండికి వస్తున్నావో మాత్రం రాయి. కింద నా నంబరు ఉంది, ఫోనైనా చేయి. కామారెడ్డి స్టేషన్లో నేనుంటాను.

నీ
కృపక్క